డొల్ల చప్పుడు

అత్త దినాలన్నీ అయిపోయాక కాచిగూడలో బావ ఒక ఇత్తడి చెంబు తెచ్చి నా ముందు పెట్టాడు.

"అమ్మ ఇది నీకే ఇయ్యమన్నది," అన్నాడు. అన్నాడే గాని చెంబును వదల్లేదు. దాన్ని తలకిందులు చేసి అడుగు అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చాడు. "గిదేంది, సుట్టూ సొట్టలే ఉన్నయ్? గింత మందం చెంబుకు గిన్ని సొట్టలు ఎట్ల పడ్డయ్?"

"పాతది గద బావా," అన్నాను.

బావ తల కొంచెం పక్కకు వంచి నా ముఖంలోకి చూశాడు. అచ్చం వాళ్లమ్మ చూపు. ఎదుటివాళ్లు చెప్పిన మాట వెనకాల ఇంకేదో నక్కి కూర్చుందని, కాసేపు కదలకుండా చూస్తే అదే బయటికి వస్తుందని ఆ తల్లీకొడుకుల నమ్మకం. నేను కూడా కదల్లేదు. నమ్మకపోతే పోనీ. ఆ సొట్టల సంగతి చెప్పనని నేనెవరికీ మాటివ్వలేదు, అయినా ఆమె ఉన్నన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు లేదు కాబట్టి రాస్తున్నాను. బావ చదివితే చదవనీ, చదవాలనే రాస్తున్నాను.

ఆమె మా నాన్నకు అక్క, నాకు మేనత్త. అబిడ్స్‌లో ఒక పాత అపార్టుమెంటులో, లిఫ్టు ఉన్నా పని చెయ్యని చోట, పైఅంతస్తులో ఉండేది. నేను డిగ్రీ చదువుకని ఊరి నుంచి వచ్చి ఆమె దగ్గర దిగాను. తర్వాత నాంపల్లిలో ఆఫీసు ఉద్యోగం దొరికింది, నడిచిపోయే దూరం, ఇంక అక్కడి నుంచి కదల్లేదు. బావ పెళ్లయ్యాక కాచిగూడలో ఇల్లు తీసుకున్నాడు. తల్లిని కూడా రమ్మని ఎంత బతిమాలినా ఆమె పోలేదు. "ఆడ గోడలు ఎసొంటియో నాకు తెల్వదు," అనేది.

గోడలు ఎలాంటివో ఆమెకు ఎలా తెలుస్తుందంటే, కొట్టి చూస్తే తెలుస్తుంది. మా అత్త కొట్టి చూడకుండా ఈ భూమ్మీద దేన్నీ నమ్మలేదు. కుడిచేతి నడిమి వేలు మడిచి, ఆ కణుపుతో టకటకమని రెండు దెబ్బలు వేసి, చెవి దగ్గర పెట్టేది. నాంపల్లి మార్కెట్లో కొబ్బరికాయల బుట్టంతా ఆమె చేతి కింద నుంచి పోవాల్సిందే. కుండలు, పుచ్చకాయలు, గ్యాస్ సిలిండరు, కొత్తగా కొన్న బీరువా, కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టె, అన్నీ అంతే. తీర్పులు కూడా రెండే. బాగుంటే "నిండు". బాగోకపోతే "డొల్ల". నేను ఏదైనా తెలివి తక్కువ పని చేసినప్పుడల్లా నా నెత్తి మీద అదే కణుపుతో కొట్టి, చెవి పెట్టి విన్నట్టు నటించి, "డొల్లనే ఉన్నదే పోరీ," అనేది. నొప్పి పుట్టేది. చెప్తే ఇంకొకటి పడేది.

ఒకప్పుడు లెక్కల టీచరు. పరీక్షల రోజుల్లో ఆమె డ్యూటీ పడిన హాల్లోకి పిల్లలు చీటీలతో కాదు, దండాలతో పోయేవాళ్లట. మెత్తటి చెప్పులు వేసుకుని, వెనక వరుస నుంచి వచ్చి, ఎవడి వీపు బిగుసుకుంటే వాడి దగ్గర ఆగేదట. రిటైరయ్యాక హాలు లేదు, పిల్లలు లేరు, మేమే మిగిలాం. సుద్దముక్క అలవాటు కూడా పోలేదు. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒకటి ఉండేది. ఇంటి తలుపు మీద పాలవాడు వచ్చిన గుర్తు, సిలిండరు మీద పెట్టిన తారీఖు, అన్నీ సుద్దతోనే.

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఆమెను ఎరగని వ్యాపారి లేడు. ఒక పుస్తకం తీసుకుంటే, పేజీలు చిరిగాయేమోనని మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్కటే తిప్పేది. తిప్పుతూ తిప్పుతూ చదివేది. ఒకసారి ఎండలో నిలబడి అలా గంటసేపు తిప్పాక ఆ మనిషి చేతులు జోడించాడు. "మేడం, పుస్తకమంత ఈడనే చదివిన్రు. ఇగ కొనుడెందుకు?"

"చదివిన కాబట్టే కొంటలేను," అని పుస్తకం అక్కడ పెట్టి వచ్చేసింది.

ఇంటి తలుపు దగ్గర ఆమెతో నా తతంగం రోజూ ఒకటే. ఆఫీసు నుంచి వచ్చి బెల్లు కొడతాను. తలుపుకున్న అద్దపు కన్నంలో నీడ కదులుతుంది.

"ఎవరు?"

"నేనే అత్తా."

"నేనంటే?"

"కనపడ్తున్న గద అత్తా!"

"నీ లెక్కనే ఉన్నవ్ గని, నువ్వేనని ఎట్ల నమ్మాలె?"

ఇది వేళాకోళమో నిజమో ఇన్నేళ్లలో నాకు తేలలేదు. ఆకలి మీద ఉన్నప్పుడు మాత్రం ఒళ్లు మండేది.

ఇంత మనిషి కూడా రోజులో ఒక్క పూట ఎవరి మీదా కన్నేసేది కాదు. అది తానం పూట. బాత్రూం తలుపుకు పైన ఒక గడియ, కింద ఒక గడియ. రెండూ పడిన చప్పుడు వినపడ్డాకే నీళ్ల చప్పుడు వినపడేది. బావ తల్లి సుఖపడుతుందని ఆ బాత్రూంను బాగు చేయించి, ఓ మూలకు షవర్ పెట్టించి, గచ్చంతా బూడిదరంగు చిన్న టైల్స్ వేయించాడు. ఆ షవర్‌ను ఆమె ఒక్కనాడు తిప్పలేదు. "పైనుంచి ఎప్పుడు ఎన్ని నీళ్లు పడ్తయో ఎవనికెర్క? నా నీళ్లు నా చేతిల ఉండాలె," అని షవర్ కిందనే బకెట్ పెట్టుకుని, పీట వేసుకుని, ఈ ఇత్తడి చెంబుతోనే పోసుకునేది.

ఆ టైల్స్‌లో షవర్ కిందది ఒకటి పగిలింది. ఎందుకు పగిలిందో మొదటిసారి ఎవరికీ తెలియదు, పాత బిల్డింగు, పగిలింది, అంతే. పగిలిన అంచు కాలికి తగిలి అత్త జారి పడింది. నేను వంటింట్లోంచి పరుగెత్తాను. తలుపుకు రెండు గడియలు. "అత్తా! అత్తా!" అని బాదుతుంటే వాచ్‌మన్ కూడా పైకి వచ్చాడు. తలుపు పగలగొడదామని అతను భుజం ఆనించాడు.

లోపలి నుంచి గొంతు వచ్చింది. "ఆగుండ్రి! చీర కట్టుకోవద్దా?"

తుంటి కమిలిపోయి, మోచేయి చీరుకుపోయి, నేల మీద పాకుతూ, ఆ మనిషి చీర కట్టుకుంది. కుచ్చిళ్లు కూడా పెట్టుకుంది. అప్పుడు గడియలు తీసింది. వాచ్‌మన్‌ను చూసి, "నువ్వెందుకొచ్చినవ్, కింద గేటు ఎవరు చూస్తున్నరు?" అంది.

ఎముకలు విరగలేదు. కాని బావ ఆ సాయంత్రమే వచ్చి కూర్చున్నాడు. మంచివాడే, తల్లంటే ప్రాణం, కాని భయపడితే గొంతు పెద్దదవుతుంది. "ఇగ నేను చెప్పినట్టు ఇనాలె అమ్మా. టైల్ బాగు చేయిస్త. మళ్లొక్కసారి గిట్లయిందంటే మాత్రం నువ్వు కాచిగూడకు వచ్చుడే. ఆడ ఆయమ్మను పెడ్త. తానం ఆమె చేయిస్తది. గడియలు గిడియలు ఏం ఉండయ్."

అత్త ముఖం తెల్లబోయింది. తర్వాత మెల్లగా అంది. "ఇంకొకరు నీళ్లు పోసుడు పీనుగకురా. నేనింక పీనుగను కాలే."

బావ తల దించుకున్నాడు. కాని మాట వెనక్కి తీసుకోలేదు. అప్పటి నుంచి ఆ చిన్న టైల్ మీదే ఆమె బతుకంతా నిలబడింది. అది నిలిస్తే తన ఇల్లు, తన గడియ, తన చెంబు. నిలవకపోతే కాచిగూడ.

మేస్త్రీని బావ పంపిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. వాడు పంపే మేస్త్రీ వాడి మాటే వింటాడట. నడుం పట్టుకుని, నన్ను వెంటేసుకుని, పొద్దున్నే నాంపల్లి దగ్గర కూలీల అడ్డాకు తానే వచ్చింది. తాపీలు, పారలు పట్టుకుని నిలబడ్డ మగవాళ్లంతా "ఏం పని పెద్దమ్మా, ఏం పని?" అని చుట్టుముట్టారు. ఆమె ఎవరికీ జవాబివ్వకుండా ఒక్కొక్కరి చేతులు చాపించి గోళ్లు చూసింది. చివరికి ఓ పక్కన ఏమీ అడక్కుండా బీడీ కాల్చుకుంటున్న పాలమూరు మేస్త్రీని పిలిచింది. ఆయనే ఎందుకని నేను చెవిలో అడిగితే, "నవ్వుతలేడు. నవ్వెటోడు పని చెడగొడ్తడు," అంది.

పని జరుగుతున్నంతసేపూ బాత్రూం గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది. మేస్త్రీ పగిలిన టైల్ తీసేలోపలే మిగిలిన టైల్స్ అన్నీ కణుపుతో కొట్టి, అనుమానం ఉన్న వాటి మీద సుద్దతో ఇంటూ గుర్తులు పెట్టింది. ఆయన వాటి వంక చూసి, "మీరు గూడ మేస్త్రీనా పెద్దమ్మా?" అన్నాడు.

"టీచర్ని."

"ఇంక నయం," అని తాపీ అందుకున్నాడు.

పాతది పెకిలించి, కింద గచ్చు గోకి, కొత్త టైల్ అతికించి, చుట్టూ సందులు తెల్ల సిమెంటుతో నింపాడు. లేచి చేతులు కడుక్కుంటూ చెప్పాడు. "కొన్ని రోజులు దీని మీద కాలు పెట్టొద్దు పెద్దమ్మా. నీళ్లు గూడ పోయొద్దు. మంచిగ పట్టుకోనియ్యుండ్రి."

కాలు పెట్టలేదు. నీళ్లు కూడా పొయ్యలేదు. ఈ మాట నేను ఎవరి ముందైనా చెప్పగలను. పీట ఇంకో మూలకు జరుపుకుని, అక్కడే ముడుచుకుని తానం చేసింది. అయినా వారం తిరగకముందే ఆ టైల్ కదిలింది. ఆ తర్వాత మూల పగిలింది.

మేస్త్రీని పిలిపించింది. ఆయన వంగి చూసి, తల గోక్కుని, మళ్లీ వేసిపోయాడు. మళ్లీ కదిలింది. ఈసారి అత్త ఊరుకోలేదు.

"సిమెంట్ల ఇసుక కలిపినవ్!"

"సిమెంట్ల ఇసుక కలపకుంటే ఏం కలుపుతరు పెద్దమ్మా, షక్కరనా?"

"నోరు చూడు నోరు! నాకు నేర్పిస్తున్నవా?"

ఆయన తాపీ నేల మీద పెట్టాడు. అప్పటిదాకా ఆ మనిషి గొంతు పెరగడం నేను వినలేదు. "నేను ఎన్ని ఇండ్లల్ల పని చేసిన్నో తెల్సా? ఒక్కరన్న గిట్లనలే. ఇది దానంతటది ఊడుతలేదు పెద్దమ్మా. దీని మీద దెబ్బలున్నయ్. మీ ఇంట్లనే ఎవరో దీన్ని కొడ్తున్నరు. ముందుగాల వాళ్లను పట్టుకోండ్రి." సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

మా ఇంట్లో ఎవరో! ఇంట్లో ఉన్నది నేనూ ఆమే. అత్త తల పక్కకు వంచి నన్ను చూసింది. పరీక్ష హాల్లో వెనక వరుస పిల్లల పరిస్థితి నాకు ఆ రోజు అర్థమైంది. తప్పు చెయ్యకపోయినా వీపు బిగుసుకుంది. నాలుగు రోజులు నేను బాత్రూంలోకి పోతే బయట చెప్పుల చప్పుడు ఆగేది. బకెట్ గట్టిగా దించితే "ఏంది చప్పుడు?" అని కేక. నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చేవి. "నీ ఇల్లు పగలగొట్టి నాకేమొస్తది అత్తా? నేనెక్కడ ఉండాలె?" అని అరిచాను. ఆమె ఆలోచించింది. లెక్క సరిపోయినట్టుంది, తల ఊపింది.

"ఔ. నీకేమొస్తది? ఎవనికి వస్తదో వానిదే పని." కాసేపాగి అంది. "వాడు ఆదివారం వస్తడు. వచ్చుడుతోనే కాళ్లు కడుక్కుంటనని లోపలికి పోతడు. ఏం జేస్తడో లోపల."

"అత్తా! బావనా?"

"నన్ను కాచిగూడకు తోల్కపోవాలె గద వానికి."

ఛీ ఛీ అన్నాను. కాని అనుమానం ఆ ఇంట్లో గాలిలా తిరిగేది, నేను ఎన్నేళ్లు పీల్చానో. రాత్రి పడుకుని లెక్కేసుకుంటే, నిజమే, బావ వస్తాడు, కాళ్లు కడుక్కుంటాడు, రెండు రోజులకు టైల్ కదులుతుంది. కావాలని కాదేమో, తల్లి మంచికే అనుకుని చేస్తున్నాడేమో. ఇలా మొదలైంది నాలో.

ఆ ఆదివారం బావ వచ్చాడు. పండ్లు తెచ్చాడు. కాళ్లు కడుక్కుని వస్తానని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. అత్త మెత్తటి చెప్పుల్లో లేచి, చప్పుడు లేకుండా పోయి, తలుపుకు చెవి ఆనించింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆపలేదు సరికదా, నా చెవి కూడా అటే ఉంది. ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంది. తడి కాళ్లతో బావ, ఆయన ఛాతీకి చెవి పెట్టినట్టు అత్త.

"ఏంది అమ్మా?"

"బల్లి," అంది అత్త. "తలుపు మీద బల్లి పోయింది."

బావ తలుపు చూశాడు, తల్లిని చూశాడు, నన్ను చూశాడు. చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. మెట్ల మీద నుంచి నాకు ఫోన్ చేశాడు. "అమ్మ నా మీద అనుమానపడ్తున్నదా?"

"తెల్వదు బావా," అన్నాను. ఫోన్ పెట్టేసి నేను చేసిన మొదటి పని బాత్రూంలోకి పోయి టైల్ చూడటం. అది ఎక్కడిదక్కడే, అదివరకు ఎంత కదిలిందో అంతే ఉంది.

ఆ తర్వాత కొద్ది రోజులకు నాకు జ్వరం వచ్చి ఆఫీసుకు పోలేదు. మందు వేసుకుని ముసుగు తన్ని పడుకున్నాను. మామూలుగా అత్త తానానికి పోయే వేళకు నేను నాంపల్లిలో ఉంటాను. నేను ఇంట్లో ఉన్న సంగతి ఆమె మరిచిపోయినట్టుంది. మగత నిద్రలో చప్పుడు వినిపించింది. టంగ్. కాస్సేపు ఏమీ లేదు. మళ్లీ టంగ్.

లేచి గోడ పట్టుకుని వచ్చాను. బాత్రూం తలుపు ఇంకా తెరిచే ఉంది. అత్త గుమ్మం బయటే నిలబడి, ఎడమ చేత్తో తలుపు చట్రం పట్టుకుని, ముందుకు వంగి ఉంది. కుడిచేతిలో ఇత్తడి చెంబు. గుమ్మం పక్కన ఉన్న టైల్ మీద చెంబు అడుగు అంచుతో కొట్టింది. విన్నది. అప్పుడు దాని మీద ఒక కాలు పెట్టింది. దాని తర్వాతి టైల్ మీద కొట్టింది. విన్నది. రెండో కాలు పెట్టింది. పెదాలు కదులుతున్నాయి. మొదట దేవుడి పేరేమో అనుకున్నాను. చెవి పెట్టి వింటే పదమూడో ఎక్కం. పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన ఎక్కం, ఇప్పుడు తన కోసం చదువుకుంటోంది. షవర్ కింద కొత్త టైల్ దగ్గరికి వచ్చేసరికి ఆగింది. దాని మీద ఒకసారి కాదు, గట్టిగా, మళ్లీ మళ్లీ కొట్టింది. పక్కవాటి కంటే దాన్నే ఎక్కువ కొట్టింది. కొత్తది కదా, అన్నిటికంటే దాన్నే నమ్మలేదు.

"డొల్ల," అని గొణిగింది. "దొంగ సచ్చినోడు. మళ్ల డొల్ల."

నాకు జ్వరం దిగిపోయినంత కోపం వచ్చింది. ఆ మేస్త్రీని ఇసుక దొంగను చేసింది, కన్నకొడుకును చాయ్ తాగనివ్వకుండా పంపింది, నన్ను నాలుగు రోజులు వెనకాల తిరిగి వేధించింది, కొడుతున్నది తనా! అంటుకోవడానికి రోజులు పట్టే టైల్‌ను రోజూ పొద్దున్నే అంటుకుందా లేదా అని కొట్టి చూస్తుంటే అది ఎట్లా అంటుకుంటుంది? మేస్త్రీ కాలు పెట్టొద్దన్నాడు, నీళ్లు వద్దన్నాడు. చెంబు వద్దనలేదు. ఏ ఇంట్లోనూ అలా చెప్పాల్సిన అవసరం ఆయనకు వచ్చి ఉండదు.

అరవబోయాను. కాని ఆమె కాలు చూశాను. గాల్లో ఉంది ఆ కాలు, కొత్త టైల్ దాటి పీట దాకా పోవాలి, ముందుకూ పోదు, కిందికీ దిగదు. అత్త ముఖం అట్లా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. మా అత్తకు భయం. పడిపోతానని భయం, పడితే కాచిగూడ అని భయం, తన ఒంటి మీద ఎవరో నీళ్లు పోస్తారని భయం. అది చెప్పడం చేతకాక మా అందరినీ దొంగల్ని చేస్తోంది. రెండడుగులు వెనక్కి వేసి, గదిలోంచి దగ్గాను. చటుక్కున తలుపు మూసుకుంది. పైగడియ, కిందగడియ.

"ఎవరు?"

"నేనే అత్తా. జరమొచ్చింది. ఆఫీసు పోలే."

లోపల చాలాసేపు నీళ్ల చప్పుడు లేదు.

జ్వరం తగ్గాక పొద్దున్నే అడ్డాకు పోయాను. పాలమూరు మేస్త్రీ నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. "నేను రానమ్మా. వేరేటోళ్లను చూసుకో."

"కొట్టేదెవరో తెలిసింది," అన్నాను.

"ఎవరు?"

"ఎలుకలు."

ఆయన బీడీ తీసి నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. "ఎలుకలు టైల్ పగలగొట్టుడు నేనైతే ఎన్నడు చూడలే." ఆయన ముఖంలో ఏదో మెల్లగా వెలిగింది. నవ్వడం లేదనే అత్త అడ్డాలో ఏరికోరి పిలిచిన ఆ మనిషి నవ్వడం అదే మొదటిసారి చూశాను. "పెద్దమ్మనా?"

నేను రోడ్డు వైపు చూశాను. ఆయన సంచి అందుకున్నాడు. "పా. నేను పని చేసిపోత. ఎలుకను ఆపుడు నీ పని."

ఆ పూట అత్త స్టూలు వేసుకోలేదు. హాల్లోనే కూర్చుంది. మేస్త్రీ పోయాక నేను ఆమె ముందుకు పోయి నిలబడ్డాను. ఎన్నో విధాలుగా అనుకుని ఉన్నాను, తీరా నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"అత్తా, కాలు పెట్టొద్దన్నడు, నీళ్లు పోయొద్దన్నడు. ఈసారి చెంబు గూడ పెట్టొద్దు."

అత్త తల పక్కకు వంగలేదు. నా కళ్లలోకి చూసి, చూపు దించుకుంది. చీటీ దొరికిపోయిన పిల్లలు అలాగే దించుకునేవాళ్లని ఆమే చెప్పేది. కాసేపటికి లేచి, బాత్రూంలో నుంచి చెంబు తెచ్చి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"దాచు," అంది. "ఏడ దాస్తవో నాకు చెప్పకు. చెప్తే ఊకోను, పోయి తెచ్చుకుంట."

"నువ్వు వెతుకుతవ్ గద?"

"వెతుకుత. మంచిగ దాచు."

ఆ చెంబును నేను ఆఫీసులో నా టేబుల్ సొరుగులో దాచాను. ఆమె ఇల్లంతా వెతికిన గుర్తులు నాకు రోజూ కనపడేవి. బియ్యం డబ్బా జరిగి ఉండేది, నా బట్టల మడతలు మారి ఉండేవి. ఇద్దరమూ ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

బాత్రూంకు తాళం వేసి, వెనక బాల్కనీలో గిన్నెలు కడిగే చోట నేను పాత చీర అడ్డం కట్టాను. అక్కడ గడియ లేదు, తలుపే లేదు. అందుకని నేను చీర అవతల వీపు పెట్టి నిలబడాలి. "అటు తిరుగు," అనేది. తిరిగేదాన్ని. ప్లాస్టిక్ మగ్గును తిట్టుకుంటూ నీళ్లు పోసుకునేది. కింద అబిడ్స్ హారన్లు, దూరంగా నాంపల్లి స్టేషన్‌లో రైలు కూత.

"ఉన్నవా?"

"ఉన్న అత్తా."

మళ్లీ రెండు మగ్గులు. "ఉన్నవా?"

"ఉన్న."

"ఇటు చూస్తలేవు గద?"

"నాకేం పని అత్తా!"

ఆఫీసుకు రోజూ ఆలస్యమయ్యేది. మా పైఅధికారికి మా బాత్రూం సంగతి చెప్పలేక, మెట్రో ఆగిపోయిందని చెప్పేదాన్ని. నేను నడిచి వస్తానని ఆయనకు తెలుసు. ఆయన కూడా అత్తలాగే తల పక్కకు వంచి చూసేవాడు.

టైల్ పట్టుకుంది. చెంబు తెచ్చి ఇచ్చాను. నా ఎదుటే, షవర్ దగ్గరికి పోయి, ఒకే ఒక్క దెబ్బ వేసింది. బండరాయి మీద కొట్టినంత గట్టి చప్పుడు. ఇంకో దెబ్బకు చెయ్యి లేచింది. అలాగే గాల్లో కాసేపు ఉంచి దించేసింది.

"నిండేనా?" అన్నాను.

"ఇప్పటికైతే," అంది.

తర్వాతి ఆదివారం బావ వచ్చాడు. కాళ్లు కడుక్కోవడానికి పోకుండా చెప్పులు విప్పి కుర్చీలో కూర్చున్నాడు, పాపం. అత్త అంది, "దుమ్ము కాళ్లతోనే కూసుంటవా? పోయి కడుక్కో పో." ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. అత్త లేచింది. ఆమె తలుపు వైపు పోలేదు, వంటింట్లోకి పోయి చాయ్ పెట్టింది. పాలు పొంగే దాకా అక్కడే గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ నిలబడింది, తాను వంటింట్లోనే ఉన్నానని కొడుకుకు వినపడాలి కదా. బావా, ఆ రోజు నువ్వు తలుపు ఒక్కసారిగా తీసి, ఎవరూ లేకపోయేసరికి కాసేపు అలాగే నిలబడ్డావు. ఆ గిన్నెల చప్పుడు నీ కోసమే. అంతకంటే తప్పయిందని చెప్పడం ఆమెకు రాదు.

ఆ టైల్ మళ్లీ కదల్లేదు. అత్త కాచిగూడ పోలేదు. ఆ గచ్చు మీద, రెండు గడియలు వేసుకుని, తన చెంబుతో తన నీళ్లు ఏళ్ల పాటు తనే పోసుకుంది.

కిందటి చలికాలం నుంచి చేతుల్లో బలం తగ్గిపోయింది. కొబ్బరికాయ కొడితే చప్పుడు తనకే వినపడేది కాదు. నన్ను వినమనేది. అయినా తానం మాత్రం ఒక్కతే. నేను ఆఫీసు వేళ మార్పించుకుని, తలుపు అవతల వీపు పెట్టి నిలబడేదాన్ని. ఒక పొద్దున లోపల చెంబు జారి పడిన చప్పుడైంది. తర్వాత నీళ్ల చప్పుడు లేదు. ఎత్తుదామని చూసి, ఎత్తలేక, మళ్లీ వదిలేసిన చప్పుడు. నేను తలుపు తట్టలేదు, అత్తా అని పిలవలేదు. ఆమే పిలవాలి.

చాలాసేపటికి గొంతు వచ్చింది.

"ఎవరు?"

"నేనే అత్తా."

"నేనంటే?"

"నేనే."

"నువ్వేనని ఎట్ల నమ్మాలె?"

"కొట్టి చూసుకో," అన్నాను.

కిందగడియ తీసిన చప్పుడు. కాసేపాగి పైగడియ. తలుపు కొంచెం తెరుచుకుని తడి చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. నేను తల వంచాను. నడిమి వేలు మడిచి, నా నెత్తి మీద టకటకమని రెండు దెబ్బలు. నొప్పి లేదు, నీటి చుక్కలు పడ్డట్టుంది. ఆమె విన్నది.

"డొల్లనే," అంది. "లోపలికి రా."